మొసలికిని కోడికిని గల చుట్టఱికము

మన పెరటిలో గింజలేఱుకొని తిను కోడికిని, తుంగభద్రలో ముక్కుమాత్రము నీటిపై తేల్చి పడియుండు మొసలికిని చుట్టఱికము కలదని యెవరైన చెప్పినచో మనకు నవ్వు వచ్చును. మొసలికి చుట్టమెవరని యడిగినచో మనమందఱము బల్లినో, ఉడుమునో చూపుదుము. నాలుగు కాళ్లు, పొడవైన తోక, గరుకైన చర్మము, ఇవియే మన గుర్తులు. కాని ప్రాణిశాస్త్రము నెఱిగినవారు నేడు బ్రతికియున్న ప్రాణులలో మొసలికి అన్నింటికంటె దగ్గఱి బంధువు పక్షియే యనియు, బల్లి, ఉడుము, పాము దూరపు చుట్టములే యనియు చెప్పుచున్నారు. ఈ మాటకు సాక్ష్యమిచ్చు నెముకలలో కొన్ని మన తెలుగుసీమ మంటిలోనే దొరకినవి. ఆ సాక్ష్యమెట్టిదో, దానిని వెలికితీసినవారెవరో తెలిసికొనుట మనకును, మన బిడ్డలకును మేలు.

మన రోలును, మన నాపరాయియు

రాళ్లను వెదకుట దేవనకొండ ప్రాంతమువారికి క్రొత్తగాదు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలములలో వజ్రములకై జనులు గుంపులుగా తిరుగుదురు. వానకు మన్ను కడిగిపోయి మెఱుపు కనబడునేమోయని స్త్రీలును, పురుషులును నేలను చూచుచు నడతురు. కాని యెన్ని కన్నులు వెదకినను ఇచ్చట రాక్షసబల్లి యెముక దొరకదు. దానికి కారణము మన రాతిలోనే యున్నది.

దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందలి గుండ్లును, గుట్టలును చాలవఱకు గ్రానైటు జాతివి. భూగర్భమున కరగియున్న పదార్థము మెల్లగా చల్లారి గట్టిపడుటచే నివి యేర్పడినవి. వీని వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లు. మనము పప్పు రుబ్బుకొను రోలును, పిండి విసరుకొను తిరగలియు నిట్టి గట్టిరాతివే. కరగిన రాతిలో నెముక నిలువదు. అంతియగాక, ఆ రాయి పుట్టిననాటికి లోకమున నెముకగల ప్రాణియే లేదు.

ఇక బేతంచెర్లనుండి వచ్చు నాపరాళ్ల సంగతి. మన యిండ్లలో నేలకు పఱచుకొను నీ బండలు వేఱు విధముగ నేర్పడినవి. పూర్వమొకప్పుడు సముద్రపు టడుగున సున్నపు బురద పొరపొరగా పేరుకొని కాలక్రమమున రాయి యయ్యెను. ఇట్టి పొరరాతిలో ప్రాణుల యవశేషములు నిలుచుటకు వీలు కలదు. కాని యీ పొరలును మిక్కిలి పాతవి. ఇవి పేరుకొను కాలమునకును ఎముకగల ప్రాణి యింకను పుట్టియుండలేదు.

బేతంచెర్లకు దగ్గఱనున్న బిల్లసర్గము గుహలలో నెముకలు దొరకిన మాట నిజమే. న్యూబోల్డు అను సైనికోద్యోగి 1844లో వానిని గూర్చి వ్రాసెను. భూగర్భశాస్త్రజ్ఞుడగు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో తన కుమారుని తోడ్పాటుతో ఆ గుహలను పరిశోధించెను. కాని యవి వేలయేండ్ల లెక్కలోనివి. మనము చెప్పుకొనబోవునవి కోట్ల యేండ్ల లెక్కలోనివి. వానికొఱకు కర్నూలు సీమను విడిచి, ఉత్తరముగా పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు, ప్రాణహిత నది గోదావరిలో కలియు తావునకు పోవలెను.

ప్రాణహిత లోయలోని దొంతర

ఇంటిమూలనున్న కుండల దొంతరను చూడుడు. అడుగుకుండ మొదట పెట్టినది. పైకుండ తరువాత పెట్టినది. నదులు తెచ్చిన మన్నును, ఇసుకయు పేరుకొనిన పొరలును ఇట్టివే. ఈ లోయలో నేల యొకప్పుడు క్రుంగి పొడవైన తొట్టివలె నయ్యెను. ఆ తొట్టిలోనికి నదులు కోట్ల యేండ్లు మన్నును దింపినవి. అడుగుపొరలలో నాటి యడవులు బొగ్గుగా మాఱినవి. సింగరేణి బొగ్గు అట్టిదే. దానికి పైనున్న పొరలలో ప్రాణుల యెముకలు కలవు.

చచ్చిన ప్రాణి యెముక బురదలో త్వరగా కప్పబడినచో, గాలికి నెండకు చిక్కక నిలుచును. నేలలోని నీరు దాని సన్నని రంధ్రములలో ఖనిజములను నింపును. తుదకది రూపమున నెముకయు, బరువున రాయియు నగును. దీనినే శిలాజమందురు.

ఆ పొరలకు శాస్త్రజ్ఞులు అచ్చటి పల్లెల పేర్లే పెట్టిరి. అడుగునుండి పైకి ముఖ్యమైనవి చెప్పినచో ఎఱ్ఱపల్లి, మలేరి, ధర్మారము, కోట. ఎఱ్ఱపల్లి పొర సుమారు 24 కోట్ల యేండ్ల నాటిది. కోట పొర సుమారు 18 కోట్ల యేండ్ల నాటిది. ఈ వరుసకంతకును గోండ్వానా యని పేరు. అది మధ్యదేశమున రాజ్యమేలిన గోండుల పేరు. దక్షిణామెరికా, ఆఫ్రికా, ఇండియా, ఆస్ట్రేలియా, దక్షిణధ్రువ ఖండము కలిసి యొకే నేలగా నుండిన కాలమున, ఆ మహాఖండమునకును నేటి లోకమంతయు ఈ పేరే వాడుచున్నది. ఆదిలాబాదు అడవులలో నేటికిని కాపురముండు గోండుల పేరు ఇట్లు భూగోళమంత పెద్దదయ్యెను.

వెదకినవారు

కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ కలదు. గణాంకశాస్త్రమునకై ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు స్థాపించిన దీనిలో 1957లో భూగర్భశాస్త్ర శాఖ యొకటి వెలసెను. ఆ పనిని నడిపించుటకు లండను యూనివర్సిటీ కాలేజీ నుండి పామెలా లాంప్లూ రాబిన్సన్ గారు వచ్చిరి. పొరలను చదువుట, ఎముకను రాతినుండి వేఱుపఱచి గుర్తించుట, విఱుగకుండ పైకి తీయుట అను విద్యలను మన యువకులకామె నేర్పిరి. నేడు ప్రాణహిత లోయను గూర్చి లోకమునకు తెలిసిన దానిలో చాలభాగము ఆ శిష్యులవలననే తెలిసినది.

ఆడువారికి ఈ విద్య సుళువుగ చేతికందలేదు. ఇంగ్లండులో మేరీ ఆన్నింగ్ అను వడ్రంగి కూతురు సముద్రతీరపు కొండచఱియలలో వెదకి, 1823లో ప్లీసియోసారు అను సముద్రప్రాణి పూర్తి కంకాళమును బయటపెట్టెను. ఆమె తీసిన యెముకలపై పండితులు వ్యాసములు వ్రాసిరి. కాని 1847లో ఆమె మరణించునాటికి లండను భూగర్భశాస్త్ర సంఘము తలుపులు స్త్రీలకు మూయబడియే యుండెను. ఆ సంఘము స్త్రీలను సభ్యులుగ గైకొనుట 1919లో మొదలయ్యెను. ఆ తరువాత నలువది యేండ్లు గడువకముందే మన గోదావరి లోయలో నొక స్త్రీ పురుషులకు గురువై నిలిచెనన్న, కాలమెంత మాఱినదో యోచింపుడు.

ఎఱ్ఱ మొసలి

ఇక మన చుట్టఱికపు కథకు వత్తము. ఎఱ్ఱపల్లి పొరలోని మన్ను పేరునకు తగినట్లు ఎఱ్ఱనిది. దానిలో దొరకిన యొక ప్రాణి నాలుగు కాళ్లపై నడచునది, మెడ పొడవైనది, ఆఱేడడుగులకు మించిన దేహముగలది. 2005లో కస్తూరి సేన్ గారు దీనిని వర్ణించి ‘యారాసుకస్’ అని పేరుపెట్టిరి. ఎఱ్ఱ మొసలి యని దాని యర్థము; ‘యారా’ యన మన ఎఱ్ఱయే, ‘సుకస్’ అన మొసలి. అది మొసలి వంశమునకు పూర్వులలో నొకటియని యప్పుడు తలచిరి.

అట్లు తలచుటకు హేతువు లేకపోలేదు. మొసలి, పక్షుల పూర్వులను వేఱుపఱచుటకు పండితులు ముఖ్యముగ మడమను చూచెడివారు. కోడిమడమ తలుపు బందువలె ముందువెనుకలకు మాత్రమే వంగును. మొసలిమడమలో రెండు చిన్న యెముకలు ఒకదానిపై నొకటి తిరుగుచు పాదమును ప్రక్కకును త్రిప్పనిచ్చును. కావున మొసలివంటి మడమ కనబడినచో అది మొసలి శాఖయని వ్రాసెడివారు.

ఇంతలో ఆఫ్రికాలోని టాంజానియా నుండి వేఱొక సాక్ష్యము వచ్చెను. అచ్చట 1933లో పారింగ్టన్ అను నాయన కొన్ని యెముకలను సేకరించెను. ఆలన్ చారిగ్ వానిని పరిశీలించి ‘టెలియోక్రేటర్’ అని పేరు తలచెను గాని, శాస్త్రరీతిని ప్రకటింపకయే 1997లో మరణించెను. పిమ్మట అదే సీమలో మఱికొన్ని యెముకలు దొరకగా, స్టెర్లింగ్ నెస్‌బిట్ మొదలగువారు 2017లో ‘నేచర్’ పత్రికలో దాని వృత్తాంతమును ప్రకటించిరి. ఆ ప్రాణి మడమ మొసలిది; కాని తక్కిన యెముకల గుర్తులు డైనోసారులును, పక్షులును పుట్టిన శాఖవి. మన యెఱ్ఱ మొసలియు దాని యింటిదే యని తేలెను. అనగా పేరు మొసలిదైనను, వంశము కోడిదే!

ఇదెట్లు పొసగునని సందేహము కలుగవచ్చును. ఒక యవ్వకు ఒక కంటె యుండెననుకొనుడు. ఆమె పోవునప్పుడు ఇద్దఱు మనుమరాండ్రకును అట్టి కంటెనే యొక్కొక్కటి యిచ్చెను. పెద్దది దానిని అట్లే ధరించెను. చిన్నది కొన్నాళ్లు ధరించి, పిమ్మట కరగించి గొలుసు చేయించుకొనెను. చిన్నదాని పాత పటములో కంటెను చూచి, “ఇది పెద్దమ్మాయి పటము” అని చెప్పుట తగునా? కంటె అవ్వది. మొసలిమడమయు నిట్టిదే. అది మొసలికిని, పక్షికిని తల్లియగు ప్రాచీనవంశపు సొత్తు. మొసలి దాని నట్లే యుంచుకొనెను. పక్షుల శాఖ తొలుత నుంచుకొని పిదప మార్చుకొనెను. సుమారు 25 కోట్ల యేండ్ల క్రిందట ఈ రెండు శాఖలును విడివడినవి. విడివడిన క్రొత్తలో నొండొంటిని పోలియుండుటయే సహజము గదా. ఎఱ్ఱపల్లి యెముకలు ఆ క్రొత్తకాలపు పటము.

ఇట్టి పొరపాటు తలక్రిందులుగను జరిగినది. ఆ సంస్థలో పెరిగిన శంకర్ చటర్జీ గారు తరువాత అమెరికాలోని టెక్సాసులో పనిచేయుచు, దంతములులేని ముక్కుగల యొక ప్రాణికి 1993లో ‘శువోసారస్’ అని తన కుమారుని పేర నామకరణము చేసిరి. అది ఉష్ట్రపక్షిని పోలిన డైనోసారని తలచిరి. 2006లో దాని బంధువొకటి వర్ణింపబడగా, అది మొసలి శాఖదని తెలిసెను. మొసలియని పిలిచినది పక్షి చుట్టము. పక్షివలె కనబడినది మొసలి చుట్టము. రూపమును మాత్రము చూచి వంశమును నిర్ణయింపరాదని రెండును బోధించుచున్నవి.

తారుమారైన పెద్దఱికము

మలేరి పొర సుమారు 22, 23 కోట్ల యేండ్ల నాటిది. ఆ కాలపు నదులలో ‘పారాసుకస్’ అను ప్రాణి యేలుబడి చేసెను. ఇది మొసలి కాదు; మొసలికి దగ్గఱి చుట్టము. సుమారు ఎనిమిదడుగుల పొడవు, సన్నని మూతి, పదునైన పండ్లు. చూచుటకు అచ్చముగ మొసలియే. కాని దాని ముక్కు రంధ్రములు మూతికొనయందుగాక కన్నుల దగ్గఱ నుండెను. మలేరిలో దీని సంపూర్ణ కంకాళములు రెండు దొరకినవి. వాని కడుపులలో అవి తుదిసారి మ్రింగిన ఆహారముకూడ రాయియై నిలిచియుండెను. ఆ యాహారమే ‘మలేరిసారస్’ అను మఱియొక ప్రాణి. 1980లో చటర్జీ గారు దానికి గురువుగారి పేరు కలిపి ‘రాబిన్‌సోనీ’ యనిరి. ఇరువదికోట్ల యేండ్లకు పూర్వపు టొక భోజనము ఇట్లు మన కంటబడెను!

ఆ కాలమున మొసలి శాఖయే పెద్దయిల్లు. వీపున పెంకులు కప్పుకొని ఆకులలములు తినునవి కొన్ని; ఎత్తుగా నిలిచి వేటాడునవి కొన్ని. డైనోసారులు అప్పుడు చిన్నయిల్లువారివలె ప్రక్కగా మసలుకొనెడివి. మలేరి పైపొరలలో దొరకిన వానికి 2011లో నాంబాల, జక్లపల్లి గ్రామముల పేర ‘నాంబాలియా’, ‘జక్లపల్లిసారస్’ అని పేర్లు పెట్టిరి. 2025లో ‘మలేరిరాప్టర్’ అను మాంసాహారియు చేరెను. దాని రెండవ పేరు ఈ లోయలో చిరకాలము కృషిచేసిన కుట్టి గారి స్మారకము. వీనిలో కొండంతది యొక్కటియు లేదు.

సుమారు 20 కోట్ల యేండ్ల క్రిందట మహాఖండములు చీలుచుండగా భూమినుండి గొప్పగా లావా పొంగెను. గాలియు, సముద్రమును చెడినవి. మొసలి శాఖలోని పెద్దపెద్ద యిండ్లన్నియు నశించి, చిన్నవి కొన్ని మాత్రము మిగిలినవి. ఖాళీయైన చోటులను డైనోసారులు నింపినవి. ధర్మారము పైపొరలలో ముప్పదియడుగుల పొడవుగల శాకాహారి కనబడును. దానికి 2007లో రాబిన్సన్ గారి పేరుననే ‘లాంప్లూసారా’ యని పేరుపెట్టిరి. అదే పొరలోని వేఱొకదానికి ‘ప్రధానియా’ యని పేరు. ఇది సంస్థకొఱకు ఎముకలు సేకరించిన ధుయియా ప్రధాన్ అను నతని పేరు. ఎండలో తిరిగి నేలను వెదకినవాని పేరు, పండితుల పేర్లతో సమముగ శాస్త్రగ్రంథములకెక్కుట సంతోషకరము.

అటుపై కోట పొర. పోచంపల్లి యను గ్రామము దగ్గఱ (చీరలకు పేరుపొందిన పోచంపల్లి వేఱు) 1960 ప్రాంతమున దాదాపు మూడువందల యెముకలు బయలుపడినవి. కనీస మాఱు ప్రాణులవి. ఒక తొడయెముకయే అయిదున్నర అడుగులుండెను! వంగభాషలో పెద్దకాలు అను నర్థమునిచ్చు ‘బరాపాసారస్’ అని దానిని పిలిచిరి. 1961 రవీంద్రనాథ ఠాగూరు గారి శతజయంతి వత్సరమగుటచే 1975లో ఆయన పేరును దానికి చేర్చిరి. యామన్‌పల్లి దగ్గఱ భారత భూగర్భ సర్వే వారు త్రవ్వగా కనీసము పండ్రెండు ప్రాణుల యెముకలు దొరకినవి. పి. యాదగిరి గారు 1988లో దానికి ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని నామకరణము చేసిరి. ఆశ్చర్యమేమన, ఈ రెండింటికిని కొన్ని పండ్లు తప్ప తల దొరకలేదు. కోటసారసు కంకాళము హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నిలుపబడినది.

‘డైనోసారు’ అను పేరు 1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టినది. మనము దానిని రాక్షసబల్లి యనుచున్నాము. పేరట్లు నిలిచినను అది బల్లి కాదు. 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట మెక్సికో ప్రాంతమున ఆకాశమునుండి గొప్ప శిల పడినప్పుడు పెద్ద డైనోసారులన్నియు అంతరించినవి. ఱెక్కలు మొలచిన యొక చిన్న శాఖ మిగిలినది. అవియే మన పక్షులు. నేడు పక్షిజాతులు పదివేలకు పైగా నున్నవి. మొసలిజాతులు ముప్పదికి లోపే. ఒకప్పటి పెద్దయిల్లు చిన్నదయ్యెను. చిన్నయిల్లు లోకమంతయు వ్యాపించెను.

తల్లి గుణము

ఎముకల సాక్ష్యము నటుంచి, బ్రతికియున్న వానిని చూచినను ఈ చుట్టఱికము తెలియును. కోడికిని మొసలికిని గుండెలో నాలుగు గదులున్నవి, బల్లికి మూడే. మొసలితల్లి గ్రుడ్లుపెట్టి విడిచిపోదు, గూటిని కాచును. లోపలి పిల్లలు కూయగానే మన్ను త్రవ్వి తీసి, ఆ భయంకరమైన నోటిలోనే మృదువుగ పట్టి నీటికి చేర్చును. గ్రుడ్డులోని పిల్ల తల్లిని పిలుచుట, తల్లి బదులుపలుకుట మన కోడిపెట్ట కడ దినదినము చూచునదే గదా!

మన యింటి కర్తవ్యము

ఈ శిలాజములు రాజభవనములలో దొరకలేదు. పొలముగట్లను, వాగుల యొడ్డులను, పల్లెవారు నడచు త్రోవలలో దొరకినవి. మధ్యప్రదేశములోని ధార్ జిల్లా పాడ్ల్యా గ్రామమున గుండ్రని రాళ్లను పొలములు కాచు దేవతగా తరతరములుగ కొలుచుచుండిరి. అవి డైనోసారు గ్రుడ్లని శాస్త్రజ్ఞులు చెప్పినట్లు 2023లో పత్రికలు ప్రకటించినవి. అట్టివానిని పగులగొట్టక భద్రపఱచిన యా గృహస్థుల భక్తి, శాస్త్రమునకును మేలే చేసినది.

కాబట్టి గోదావరి, ప్రాణహిత సీమలలో పుట్టినిండ్లు, మెట్టినిండ్లు గల సోదరీమణులకు నా మనవి. ఎముక రూపముననున్న బరువైన రాయి కనబడినచో దానిని పగులగొట్టకుడు, తావును మార్పకుడు. ఏ పొరలో నున్నదో తెలియనిచో శిలాజము సాక్ష్యములో సగము పోవును. ఆ తావును గుర్తుంచుకొని, హైదరాబాదులోని భూగర్భ సర్వే కార్యాలయమునకు తెలియజేయుడు. మన దేవనకొండ సీమవారికి ఆ యవకాశము లేకున్నను, వేఱొక యవకాశము కలదు. హైదరాబాదు పోయినప్పుడు బిడ్డలకు కోటసారసును చూపుడు. “అమ్మా, ఇది బల్లియా?” యని వారడిగినచో, “కాదు నాయనా! మన కోడికి పూర్వబంధువు” అని చెప్పి, ఈ కథ వినిపింపుడు. ఆ ప్రశ్నకు బదులు చెప్పగల తల్లి యింటనే శాస్త్రమునకు మొదటి బడి.